అమావాస్య నాడు మగ్గం చప్పుడు

ఆ కాలంలో మా వీధిలో కంప్యూటర్ నేర్చుకున్న మనిషంటే, కరెంటుతో నడిచే ప్రతి వస్తువుకూ వైద్యం తెలిసిన మనిషని లెక్క. నేను డిగ్రీ గట్టెక్కి, చీరాలలో ఒక చిన్న కంప్యూటర్ సెంటర్లో పాఠాలు చెప్పే ఉద్యోగంలో కొత్తగా చేరాను. అంతే, పొద్దున్నే పళ్ళు తోముకుంటుంటే ఒకరు తిరగని మిక్సీ పట్టుకుని గుమ్మంలో నిలబడేవారు, ఇంకొకరు రిమోట్ పనిచేయడం లేదని టీవీనే భుజాన వేసుకొచ్చేవారు. అందరూ "ఇంజనీరమ్మా" అని పిలిచేవారు. నేను చదివింది ఇంజనీరింగు కాదని మొదట్లో ఒకటి రెండుసార్లు చెప్పి చూశాను. పిలుపు చెవికి ఇంపుగానే ఉండటంతో తర్వాత మానేశాను. (జార్ సరిగ్గా కూర్చోబెడితే సగం మిక్సీలు తిరుగుతాయి, బ్యాటరీలు మారిస్తే ముప్పాతిక రిమోట్లు బాగుపడతాయి. నా కీర్తి అంతా ఈ రెండు సూత్రాల మీదే నిలబడి ఉండేది.) ఇప్పుడు ఆ పిల్లను తలచుకుంటే నవ్వూ వస్తుంది, కాస్త జాలీ వేస్తుంది. పిలిచి పిలిచి వీధి నమ్మినదానికంటే, విని విని ఆ పిల్ల ఎక్కువ నమ్మేసింది.

మాది చీరాల పక్కనే ఒక నేత పల్లె. మా నాన్న మగ్గం వదిలేసి కిరాణా కొట్టు పెట్టుకున్నాడు గాని, మా బాబాయి మాత్రం మగ్గం గుంటలోంచి లేవలేదు. అయితే మగ్గం తనదే అయినా, దాని మీద పడే చీర తనది కాదు. నూలూ పట్టూ ఇచ్చేది మాస్టర్ వీవరు, రంగు చెప్పేది ఆయన, బుటా ఎలా ఉండాలో గీసి ఇచ్చేది ఆయన. నేసి ఇచ్చి కూలి తెచ్చుకోవడం వరకే బాబాయి వంతు. బాబాయికేమో సొంత బుర్ర ఒకటుండేది, అది ఊరుకునేది కాదు. "లోకమంతా మామిడి పిందెలే నేస్తన్నారు. జీడిపప్పుకి పేరుపడ్డ వేటపాలెం పక్కన పుట్టినోళ్ళం, జీడిపిక్క నేయకపోతే ఎట్టా?" అని, చీర ఒంటినిండా చిన్న చిన్న జీడిపిక్కల బుటా ఊహించుకుని కాగితం మీద గీశాడు. మాస్టర్ వీవరు ఆ బొమ్మ చూసి, "దీన్ని కట్టుకోవాలా, వేయించుకు తినాలా?" అని నవ్వాడట. బాబాయి ఆ నవ్వు మింగి, సొంతంగా సరుకు తెచ్చుకుని, తీరిక దొరికినప్పుడల్లా కూర్చుని కొన్ని జీడిపిక్క చీరలు నేశాడు. వాటిని తీసుకునే షాపు దొరికితే, ఇకమీదట తన బుర్రలో ఉన్నదే తన మగ్గం మీద నేసుకోవచ్చు. దొరక్కపోతే మళ్ళీ ఆ నవ్వు ముందుకే వెళ్ళి మామిడి పిందెలు అడిగి తెచ్చుకోవాలి. బాబాయి పైకి ఏమీ అనేవాడు కాదు గాని, ఆ రోజుల్లో అన్నం సగంలోనే లేచిపోయేవాడు.

అలాంటి సమయంలో గుంటూరులో చీరల షాపు నడిపే ఒక మేడమ్‌కి ఎవరి ద్వారానో ఈ జీడిపిక్కల సంగతి తెలిసింది. ఆవిడది అనుమానం బుద్ధి, దానికి కారణమూ ఉంది. అంతకుముందు ఎవరో ఆగి ఉన్న మగ్గం ఒకటి చూపించి, చేనేత అని ప్రమాణం చేసి, మిషన్ల మీద నేసిన చీరలు అంటగట్టారట. అందుకని ఫోన్లో ఒకటే మాట చెప్పింది. "నాకు మగ్గం ఆడుతుండగా చూపించండి. ఆగిన మగ్గం ఎవరైనా చూపిస్తారు." బాబాయికి పెద్దవాళ్ళతో ఫోను మాటలంటే బెరుకు, అందుకని మాట్లాడే బాధ్యత నాది. ఆవిడ చీరాలలో పెళ్ళికి వస్తున్నానని, ఆదివారం మధ్యాహ్నం మా ఊరికి రాగలనని, ఆ తర్వాత సీజన్ అయ్యేదాకా కదలడం కుదరదని చెప్పింది. "తప్పకుండా రండి మేడమ్, ఆదివారం మాకూ సెలవే" అని నేను ఠక్కున చెప్పేశాను. సెలవు అన్న మాట మాత్రం అక్షరాలా నిజమైంది. మా సెంటర్లో గోడకున్న క్యాలెండర్లో ఆదివారాలు ఎర్రగా ఉండేవి గాని, అమావాస్యలు ఉండేవి కావు.

మా వీధిలో అమావాస్య నాడు మగ్గం ముట్టుకోరు. ఎంత తొందర పనైనా సరే, పెళ్ళివారు వచ్చి గుమ్మంలో కూర్చున్నా సరే, ఆ రోజు మగ్గానికి విశ్రాంతి. ఈ నియమానికి కాపలాదారు మా పెదతాత, అంటే మా తాతకు అన్న. కళ్ళు సరిగా కనబడకపోయినా చెవులు మాత్రం పాము చెవులు. తన అరుగు మీద కూర్చుని, ఏ ఇంట్లో మగ్గం ఆడుతోంది, ఏది ఆగింది, ఏ కుర్రవాడు నేస్తూ నేస్తూ నిద్రపోయాడు అన్నీ చెప్పేవాడు. నేను ఘనంగా ఆదివారం సంగతి ప్రకటించగానే, మా పిన్ని చేటలో బియ్యం చెరగడం ఆపి, "ఓసినీ, ఆ రోజు అమావాస్యేనే. ఆవిడొస్తే ఏం చూపిస్తావు, మీ బాబాయి గుర్రుపెట్టి నిద్రపోవడమా?" అంది. బాబాయి మొహం చూడలేకపోయాను. అప్పుడు నా నోట్లోంచి ఆ మాట వచ్చింది. "ఏం కాదు బాబాయ్. ముందే వీడియో తీసి స్లైడ్లలో పెడదాం. పెద్ద తెర మీద చూపిద్దాం. అసలు మగ్గం కంటే అదే బాగుంటుంది." అసలు కంటే అని ఎందుకన్నానో నాకే తెలియదు, వయసు అలాంటిది.

షూటింగు మా బాబాయి ఇంట్లోనే. ఆ రోజు బాబాయి తల దువ్వుకుని, పెళ్ళిళ్ళకు వేసుకునే చొక్కా వేసుకుని మరీ మగ్గం మీద కూర్చున్నాడు. పక్కనే పిన్ని రాట్నం ముందు కూర్చుని నూలు కండెలు చుడుతోంది. "నన్ను తియ్యబాకే, జుట్టంతా రేగింది" అంటే, "నిన్నెవరు తీస్తారులే పిన్నీ, బాబాయి చేతులే కావాలి" అన్నాను. కొత్తగా కొన్న ఫోను, అందులో చోటు తక్కువ పట్టేలా వీడియో తీసే పద్ధతి ఒకటుంటే, అదే తెలివైన పని అనుకుని దాన్నే పెట్టాను. తీస్తున్నంతసేపూ నా ప్రాణమంతా కళ్ళలోనే ఉంది. వెలుతురు బాగా పడుతోందా, జీడిపిక్క కనపడుతోందా, బాబాయి చొక్కా గుండీ ఊడిందా అని చూస్తున్నాను. వాళ్ళిద్దరూ మామూలుగా ఏదో మాట్లాడుకుంటూనే ఉన్నారు, నేను వినలేదు. ఆ తర్వాత సెంటర్లో కూర్చుని స్లైడ్లు చేసినప్పుడూ వినలేదు. ఎందుకంటే పిల్లలు పాటలు పెట్టుకుంటున్నారని మా సెంటర్ సారు స్పీకర్లన్నీ పీకి బీరువాలో పెట్టి తాళం వేశారు. కాబట్టి నేను చూసిందల్లా మూగ సినిమా. అక్షరాలు గిరగిరా తిరుగుతూ వచ్చి కూర్చునేలా, బాబాయి ఫోటో పువ్వులా విచ్చుకునేలా, ఎనిమిదో స్లైడులో వీడియో వచ్చేలా పెట్టి, అంతటినీ ఒక పెన్ డ్రైవ్‌లో ఎక్కించుకుని ఇంటికొచ్చాను. అంతటినీ అని నేను అనుకున్నాను.

ఆదివారం మా వీధి చివర చేనేత సంఘం హాల్లో ఏర్పాట్లు. ప్రొజెక్టరు, లాప్‌టాప్, సౌండ్ బాక్సులు అన్నీ మైకు బావవి. (మా మేనత్త కొడుకు. టెంటు హౌసు ఉంది. ఏ ఇంట్లో శుభకార్యమైనా ముందు ఆయన గొంతు "హలో, మైక్ టెస్టింగ్" అని వినపడాలి, తర్వాతే మంగళవాద్యాలు.) చిన్న హాలుకు చిన్న స్పీకరు చాలు బావా అంటే, "మామ జీవితం మారే రోజు, చిన్న స్పీకరేంది?" అని, పెళ్ళి ఊరేగింపులో వాడే నిలువెత్తు బాక్సులు రెండు తెచ్చి గుమ్మానికి అటూ ఇటూ పెట్టాడు. మగ్గాలకు సెలవు కాబట్టి వీధంతా ఖాళీనే, వీధంతా హాల్లోనే. మేడమ్ వచ్చింది. మిర్చి బస్తాల ట్రాక్టర్లు అడ్డం పడి గుంటూరు దాటడానికే ఆలస్యమైందని చెప్పి, ముందు వరసలో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుంది. పిన్ని వేయించిన జీడిపప్పు ప్లేటు అందించింది. బాబాయి చీరల మూట విప్పి, అన్నింటికీ పైనున్న నెమలికంఠం రంగు చీర తీసి ఆవిడ ఒళ్ళో పరిచాడు. తేనె రంగు అంచు, ఒళ్ళంతా బంగారు జీడిపిక్కలు. ఆవిడ వేళ్ళతో అంచు తడిమి, "చీర బాగుంది. ఇక మగ్గం చూపించండి" అంది.

అక్షరాలు గిరగిరా వచ్చాయి, వీధి చప్పట్లు కొట్టింది. బాబాయి పువ్వులా విచ్చుకున్నాడు, ఇంకా గట్టిగా కొట్టారు. ఎనిమిదో స్లైడు వచ్చింది. తెర మీద బాబాయి మగ్గం ఉండాల్సిన చోట నల్లటి చతురస్రం, దాని మధ్యలో వీడియో దొరకలేదని ఒక ముక్క. రోజూ పిల్లలకు "వీడియో పెట్టడం వెరీ సింపుల్" అని చెప్పేదాన్ని. సెంటర్లో తయారుచేసినవన్నీ సెంటర్లోని ఆ కంప్యూటర్లోనే ఆడించేవాళ్ళం కాబట్టి, నేను స్లైడులో పెట్టింది వీడియో కాదని, ఆ వీడియో ఉన్న చోటుకి దారి మాత్రమేనని నాకెప్పుడూ తెలిసి రాలేదు. ఆ దారి చీరాలలో మా సెంటర్ కంప్యూటర్ కడుపులోకి పోతుంది, మేమేమో పల్లెలో ఉన్నాం. ఇల్లు ఖాళీ చేసి వెళ్తూ సామాను అక్కడే వదిలేసి, చిరునామా మాత్రం జేబులో పెట్టుకొచ్చినట్టయింది.

అప్పుడు మొదలయ్యాయి సలహాలు. "పెన్ డ్రైవ్ తీసి నోటితో ఊది పెట్టవే" అన్నారు ఒకరు. "ప్రొజెక్టరు వేడెక్కింది, దానివైపు ఫ్యాను తిప్పండి" అన్నారు ఇంకొకరు. ఫ్యాను తిప్పితే తెరగా కట్టిన పంచె ఊగి, నల్ల చతురస్రం కూడా ఊగింది. మైకు బావ లాప్‌టాప్ వీపు మీద రెండు దెబ్బలు వేసి, "మా ఇంట్లో టీవీకి ఇట్టాగే వస్తది" అన్నాడు. నేను మాత్రం నా ఫోన్లో అసలు వీడియో ఉందన్న సంగతి గుర్తు చేసుకుని, వైరు పెట్టి లాప్‌టాప్‌లోకి ఎక్కించి, మళ్ళీ స్లైడులో పెట్టి, ఆడించాను. (ఫోన్లోనే చూపించొచ్చుగా అని మీరు అడగొచ్చు. ఆ మాట ఆ రోజు హాల్లో ఏ ఒక్కరికీ తట్టలేదు. నాకు తట్టింది, రెండు రోజుల తర్వాత తలకు పోసుకుంటుంటే.)

తెర నల్లగానే ఉంది. కానీ బాక్సుల్లోంచి ఒక్కసారిగా టక్ టక్‌మని మగ్గం చప్పుడు మోగింది. మా హాలు గోడలు అదిరాయి. చోటు తక్కువ పట్టేలా తీసిన నా తెలివైన వీడియోలో బొమ్మను విప్పే విద్య మైకు బావ పాత లాప్‌టాప్‌కి తెలియదు, శబ్దం మాత్రం తెలుసు. ఆ సంగతి నాకు అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది. వేరే ప్లేయరు ఏదైనా దించుకుంటే బొమ్మ వస్తుందని తోచి, నా ఫోన్ నెట్ కలిపి, తల వంచుకుని ఆ పనిలో పడ్డాను. చప్పుడు ఆపేద్దామంటే మైకు బావ చెయ్యి పట్టుకున్నాడు. "సగం వచ్చింది కదా, ఉండనీ. కదిపితే ఆ సగం కూడా పోద్ది."

బొమ్మ కనపడితే జనం బొమ్మనే చూస్తారు, వెనక మాటలు ఎవరికీ పట్టవు. బొమ్మ లేకపోయేసరికి హాలంతా చెవులు రిక్కించింది. ముందుగా వినపడింది నా గొంతే. "బాబాయ్, కొంచెం నవ్వు. నా ప్రెజెంటేషన్ చూస్తే ఆ మేడమ్ నోరు తెరుస్తుంది చూడు." ముందు వరసలో మేడమ్ నోట్లో వేసుకోబోతున్న జీడిపప్పు ఆగిపోయింది. తర్వాత రాట్నం గీమనడం, దాని మీదుగా మా పిన్ని గొంతు. నిలువెత్తు బాక్సుల్లో పిన్ని గొంతు ఎలా ఉందంటే, పక్క ఊరికి పిలుపులు వెళ్తున్నట్టుంది.

"ఏమయ్యా, ఈ నెమలికంఠం చీర కూడా ఆవిడకి ఇచ్చేస్తావా?" (పిన్ని బాబాయికి మేనమామ కూతురు, చిన్నప్పటి నుంచీ ఆ చనువే.)

"ఇయ్యక? నేస్తంది అందుకేగా."

"రంగు నన్నడిగావు. అంచు నన్నడిగావు. కండెలన్నీ నాచేత చుట్టించావు. మొన్న ఉగాదికి నేసిందీ నీకే అన్నావు. అంతకు ముందు మన పెద్దదాని పెళ్ళికి నీకే అన్నావు. ఇంట్లో మగ్గం పెట్టుకుని పెళ్ళిళ్ళకి మిషను చీర కట్టుకుపోతున్నా నేను. మీ ఆయన నేశాడా అని అడుగుతారు. ఏం చెప్పమంటావు?"

టక్ టక్. టక్ టక్. నాలుగైదు పోగులు పడ్డాయి.

"ఈ చీర నీదేనే. ఒట్టు."

"నీ ఒట్లన్నీ కండెలకి చుట్టిపెట్టా. గంపెడయినాయి."

హాల్లో ఒకరిద్దరు నవ్వబోయి ఆగారు. ఎందుకంటే ఆ నెమలికంఠం చీర ఎదురుగా, మేడమ్ ఒళ్ళో పరిచి ఉంది. పిన్ని టీ గ్లాసుల పళ్ళెం పట్టుకుని గుమ్మంలో నిలబడి ఉంది. తన గొంతు తనకే రెండువైపుల నుంచీ వినపడుతుంటే, పాపం, ఎటు చూడాలో తెలియక గ్లాసులనే చూస్తోంది. కాసేపటికి పళ్ళెం బల్ల మీద పెట్టి, కొంగు సర్దుకుని, ఇంటివైపు వెళ్ళిపోయింది. బాబాయి కుర్చీలోంచి సగం లేచి, మళ్ళీ కూర్చున్నాడు. నా పరిస్థితి చెప్పక్కర్లేదు. నేలలోకి కుంగిపోతే బాగుండునని అనిపించింది గాని, చెయ్యి మాత్రం లాప్‌టాప్ మీదే ఉంది. తెర మీద డౌన్‌లోడు గీత చీమలా పాకుతోంది. బొమ్మ వస్తే అంతా చక్కబడుతుందని ఇంకా నమ్ముతూనే ఉన్నాను.

అంతలో గుమ్మంలో కర్ర టకటకలాడింది. పెదతాత. ఆయన అరుగు వీధికి ఆ చివర ఉంది, బాక్సుల చప్పుడు అక్కడిదాకా పోయింది. కర్ర ఊపుకుంటూ లోపలికొచ్చి, "ఒరేయ్, అమావాస్య పూట మగ్గమెక్కిన వెధవ ఎవడ్రా? నేను పోయాననుకున్నారా, చెవులు పోయినాయనుకున్నారా?" అన్నాడు. ఆయన గొంతు ముందు మా బాక్సులు చిన్నబోయాయి.

"తాతా, మగ్గం కాదు. బాక్సు" అన్నాడు మైకు బావ.

"బాక్సులో మగ్గమెట్టా పట్టుద్దిరా? నా చెవులకి చెప్తావా? అది వీడి మగ్గమే, ఆ చప్పుడు నాకు తెలవదా?" అంటూ బాబాయి భుజం మీద కర్ర ఆనించి, అంతటితో ఊరుకోక, మగ్గం ఎక్కడ దాచామోనని బాక్సు వెనక్కి వంగి తడిమి చూశాడు. "మా అయ్య పోయిన ఏడు కూడా అమావాస్య నాడు మగ్గం ముట్టలేదురా మనం. షాపోళ్ళొస్తే మాత్రం? వాళ్ళకి అమావాస్య లేదా?"

వీడియో అయిపోయి బాక్సుల్లో చప్పుడు ఆగింది. అప్పుడు మేడమ్ లేచి నిలబడింది. ఆవిడ గట్టిగా ఏమీ అనలేదు. "ఉంది పెద్దాయనా. నేనే చూసుకోకుండా వచ్చాను" అని ఆయన్ను తన కుర్చీలో కూర్చోబెట్టింది. తర్వాత బాబాయి వైపు తిరిగి, "ఈ రోజు మగ్గం ఆడదని నాకు ముందే ఎందుకు చెప్పలేదండీ?" అని అడిగింది. బాబాయి నా వైపు చూశాడు, నేను డౌన్‌లోడు వైపు చూశాను. "చెబితే మళ్ళీ రారేమోనని" అన్నాడు బాబాయి మెల్లగా. ఆవిడ పెదతాత వైపు చూసింది. "నేను తిరిగిన చోట మిషన్లకు అమావాస్య లేదండీ. ఆదివారమూ లేదు. చప్పుడు విని ఇంత దూరం కర్ర పట్టుకొచ్చే పెద్దాయన ఉన్న వీధిలో ఇక మగ్గం చూపించక్కర్లేదు" అంది. వీధి మొత్తం ఊపిరి వదిలిన చప్పుడు నాకు వినపడింది.

అంతటితో అయిపోయిందనుకున్నాం. ఆవిడ ఒళ్ళోని నెమలికంఠం చీర మడత పెడుతూ, "మొదట దీన్నే తీసుకెళ్తాను. షాపులో బొమ్మకి కడతాను" అంది. ఆవిడ కావాలని అందో, మామూలుగా అందో నాకు ఇప్పటికీ తెలియదు. బాబాయి లేచాడు. మా బాబాయి పెద్దవాళ్ళ ముందు చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియని మనిషి. ఆ చేతులతోనే చీర అందుకుని, "ఇది అమ్మేది కాదమ్మా. పొరపాటున మూటలో కలిసింది" అన్నాడు. మాస్టర్ వీవరు నవ్వూ, సొంతంగా తెచ్చుకున్న సరుకూ, సగం తిని వదిలేసిన అన్నమూ అన్నీ ఆయన మొహంలో కనపడ్డాయి. అయినా చీర గుండెకు ఆనించుకునే నిలబడ్డాడు. నాకు ఆ క్షణంలో బాబాయి మీద పుట్టినంత ప్రేమ అంతకుముందు ఎప్పుడూ పుట్టలేదు.

మేడమ్ నవ్వింది. "పొరపాటున కలిసినట్టే ఉంది లెండి. మిగతావి నాకివ్వండి. ఇకనుంచి జీడిపిక్కలే నెయ్యండి, రంగులు మీ ఇష్టం. ఒక్క నెమలికంఠం మాత్రం నాకొద్దు. అది ఆవిడకే ఉండనివ్వండి." అని, "పదండి, ఆవిడతో ఒక మాట చెప్పి వెళ్తాను" అంటూ చెప్పులు వేసుకుంది. ముందు బాబాయి, చీర ఎత్తి పట్టుకుని. వెనక మేడమ్, ఆ వెనక కర్రతో పెదతాత, వాళ్ళ వెనక వీధంతా. మైకు బావ జీడిపప్పు ప్లేటు కూడా తీసుకుని నడిచాడు. నన్నెవరూ పిలవలేదు. పిలిచినా, గీత చివరికి వచ్చేసింది, నేను లేచేదాన్ని కాదేమో.

ఖాళీ హాల్లో, ఊగుతున్న పంచె మీద బొమ్మ వచ్చింది. పెళ్ళి చొక్కా వేసుకుని బాబాయి మగ్గం మీద కూర్చున్నాడు. చేతులు ఆడుతున్నాయి, జీడిపిక్కలు మెరుస్తున్నాయి, గుండీ నిజంగానే ఊడి ఉంది. నేను తీయనని మాట ఇచ్చిన పిన్ని తెర మూలన రాట్నం తిప్పుతూ స్పష్టంగా కనపడుతోంది. ఉగాదికి అన్నావు, పెద్దదాని పెళ్ళికి అన్నావు అని ఒక్కొక్కటే లెక్క చదువుతోంది. నేను మళ్ళీ వెనక్కి తిప్పి చూశాను. చదువుతున్నంతసేపూ పిన్ని నవ్వుతోంది. నోటికి కొంగు అడ్డం పెట్టుకుని, భుజాలు కదిలేలా నవ్వుతోంది. బాబాయి ఒట్టు అన్నప్పుడు ఒక కండె తీసి ఆయన మీదకు విసిరింది కూడా. ఆయన తల తప్పించుకుని తనూ నవ్వాడు. బాక్సుల్లో వింటే కళ్ళనీళ్ళతో అడిగినట్టున్న మాటలు, చూస్తే మొగుడూపెళ్ళాల రోజువారీ సరసం.

సాయంత్రం పిన్ని ఒక్కతే ఉన్నప్పుడు వెళ్ళాను. చీర కట్టుకోలేదు, మంచం మీద పరిచి అంచు చూసుకుంటోంది. "పిన్నీ, బొమ్మ వచ్చింది. నువ్వు నవ్వుతున్నావు అందులో" అన్నాను, నేరం కనిపెట్టినట్టు.

పిన్ని తల ఎత్తలేదు. "నవ్వకుండా ఎట్టా అడుగుతారే? ఏడుస్తా అడిగితే మీ బాబాయి మగ్గం దిగి కూర్చుంటాడు, ఆ రోజుకి పని పోద్ది. అందుకని ఎప్పుడూ నవ్వుతానే అడిగా. నవ్వుతా అడిగినందుకే ఇన్నేళ్ళు రాలేదు. ఇయ్యాల ఆ తెర మీద నా మొహం ఎవరికీ కనబడలా. అందుకని వచ్చింది." చీర మడిచి పెట్టెలో పెడుతూ, "ఆ బొమ్మ ఎవరికీ చూపించబాకమ్మా" అంది.

ఇప్పుడు నేను పెద్ద ఆఫీసులో పనిచేస్తున్నాను. పెద్దవాళ్ళ మీటింగులకు స్లైడ్లు సరిచూడటం నా ఉద్యోగంలో ఒక భాగం. వీడియోను స్లైడు లోపలే ఉంచుతాను, ఏ లాప్‌టాప్‌లో ఆడాలో దానిలోనే ముందురోజు ఆడించి చూస్తాను, చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టుకుని చివరిదాకా వింటాను. ఎక్కడైనా తెర నల్లబడితే అందరూ నా వైపే చూస్తారు, నేను బాగుచేసి పెడతాను, మెచ్చుకుంటారు. కానీ నా చేతిమీదుగా బాగుపడిన మొదటి వీడియో మాత్రం ఇప్పటికీ నా దగ్గరే ఉంది. అప్పుడప్పుడు, ఎవరూ లేనప్పుడు పెట్టుకుని చూస్తాను. తెర మూలన పిన్ని నవ్వుతూ ఉంటుంది. ఫోను పట్టుకున్న పిల్ల మాత్రం, ఏమీ వినకుండా, "బాబాయ్, కొంచెం నవ్వు" అని అడుగుతూనే ఉంటుంది. మా వీధిలో అడిగితే, ఆ రోజు ఆ పిల్ల ఎంత కిందామీదా పడినా బొమ్మ తెప్పించలేకపోయిందనే చెబుతారు. నేను కాదనను.